పచ్చి మట్టి, కాల్చిన మట్టి

ఆగస్టు 3, సోమవారం

తమ్ముడి గాయం పూర్తిగా మానిందట. ఇక పెట్టుడు కన్ను పెట్టుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి చెప్పడానికి వాడే నడిచి వచ్చాడు. ఎడమకంటి మీద నల్లగుడ్డ అలాగే ఉంది.

"ఊళ్ళో అందరికీ కళ్ళు చేసి పెట్టావు పెద్దక్కా. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది" అన్నాడు.

వాడికి అన్నీ వేళాకోళమే. చెక్క కోసేటప్పుడు అద్దాలు పెట్టుకోమని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. అద్దాలు పెట్టుకుంటే చెక్క రంగు సరిగ్గా తెలియదట. రంగు తెలియడం కోసం కన్నే పోగొట్టుకున్నాడు. పాత తలుపు కోస్తుంటే అందులో విరిగిన మేకు ఎగిరి తగిలింది.

పాప ఇంకా వాళ్ళ అమ్మమ్మ ఇంట్లోనే ఉంది. ఆసుపత్రిలో ఆ కట్టు చూసి జడుసుకుంది. అప్పటి నుంచి తండ్రి దగ్గరికి రానంటే రానంటోంది. ఫోనులో గొంతు వింటుంది, ముఖం కనిపిస్తే ఫోను బోర్లా పెట్టేస్తుంది. ఈ నెలాఖరులోపు ఇంటికి రాకపోతే అక్కడి బడిలోనే వేస్తానని అమ్మమ్మ తేల్చి చెప్పింది. అక్కడ వేస్తే ఇక అక్కడే.

కన్ను కుదిరితే వస్తుంది. కుదురుతుంది. వాడి కన్ను నాకు కొత్తా?

ఆగస్టు 4

కనుగుంట అచ్చు మా చెల్లి, రెండోది, తీసింది. మెత్తటి ముద్ద లోపల పెట్టి గట్టిపడేదాకా ఆగడం నా పని. నాన్న ఉన్నప్పటి నుంచీ నా పనే. దానిది తెల్లగుడ్డు మీద నరాల్లా ఎర్రదారాలు అంటించడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం. కానీ సరిగ్గా ఆ సమయానికే ఫోను మోగింది. ఎవరో తప్పు నంబరు. కాసేపు మాట్లాడాను.

ఆగస్టు 5

ఇవాళంతా రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుతోనే సరిపోయింది.

ఉత్తరపు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోమన్నాను. ఎత్తి జరపండి, ఈడ్వకండి అని కూడా అన్నాను. ఈడ్చాడు. ఆ నేల మీది చెక్కపలకలు తమ్ముడు వేసినవి. కుర్చీ కూడా వాడు చేసిందే. పాలిష్ పెట్టించి ఎంతో కాలం కాలేదు. ముదురు కాఫీ రంగు మీద తెల్లటి గీత. వచ్చిన ప్రతివాడూ ఒక గీత గీసి పోతాడు.

"నా కళ్ళు నలుపమ్మా. అలా వేసేయండి, త్వరగా అయిపోతుంది" అన్నాడు.

"నల్ల కళ్ళు ఎవరికీ ఉండవండీ. మీవి గోధుమ రంగు."

"మా అమ్మ నల్ల కళ్ళే అనేది."

"అందరి అమ్మలూ అంటారు."

చేతికి అద్దమిచ్చి ముఖం కిటికీ వైపు తిప్పాను. చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది మీ కిటికీ దోషం" అన్నాడు.

పక్కన నిలబడ్డ ఆయన భార్య కూడా వంగి చూసింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా చెప్పారా నాకు?" అని నిలదీసింది. ఆయన నాకేసి చూశాడు, సంసారంలో చిచ్చు నేనే పెట్టినట్టు.

కలువలంటారు, తుమ్మెదలంటారు, కాటుక అంటారు. నానిన టీ ఆకులాంటి కళ్ళని ఎవరూ ఎవర్నీ పొగడగా వినలేదు. పాపం ఆ రంగుకు సొంత పేరు కూడా లేదు. కాఫీ రంగు, వక్క రంగు, ముక్కుపొడి రంగు, ఎండుటాకు రంగు. ఎప్పుడూ ఇంకో వస్తువును అడిగి తెచ్చుకున్న పేరే. గోధుమ రంగు అంటాం. గోధుమలు అంత ముదురుగా ఉండగా నేనైతే చూడలేదు.

ఆగస్టు 6

మబ్బు. తమ్ముణ్ణి కూర్చోబెట్టలేదు.

ఆగస్టు 7

ఎండ బాగానే కాసింది. పదింటికల్లా తల నొప్పి. వాణ్ణి రావద్దన్నాను.

అయినా వాణ్ణి కూర్చోబెట్టడం దేనికి? కొత్తవాళ్ళయితే కూర్చోబెట్టి, ఉన్న కన్ను చూస్తూ రెండోది వెయ్యాలి. వీణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచాను. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు, జ్వరంలో, అలకలో, ఆ కళ్ళు నావైపే చూస్తూ ఉండేవి. కళ్ళు మూసుకుని వేయగలను.

నాన్న డబ్బాలు దించాను. పచ్చి మట్టి, కాల్చిన మట్టి, నల్ల మట్టి. రంగుల కంపెనీవాళ్ళు ఏవో గొప్ప పేర్లు పెట్టి అమ్ముతారు. నాన్న మూతల మీద ఇవే రాసుకున్నాడు. అన్నీ నేలలోంచి తవ్వినవే. పసుపు తిరిగిన పచ్చి మట్టిని పెనం మీద కాలిస్తే ఎర్రబడుతుంది. మనుషులు మొట్టమొదట గుహల్లో గోడల మీద బొమ్మలు గీసింది ఈ మట్టితోనేనట. "మనదీ ఆ పనే. గోడ చిన్నదైంది, అంతే" అనేవాడు.

చిటికెన వేలి గోరంత నల్ల బిళ్ళ. దాని మీద మధ్య నుంచి అంచుకు వెంట్రుకల్లాంటి గీతలు. పొడి రంగును నమ్మకూడదు, ఒక చుక్క నీళ్ళు వేస్తేగాని అసలు రంగు తేలదు. వేశాను.

వాడే. నన్నే చూస్తున్నాడు.

ఆగస్టు 10

మొదటి కన్ను పెట్టి చూశాం. పెట్టింది చెల్లి. నేను పాలిష్ గుడ్డ వెతుకుతున్నాను.

తమ్ముడు అద్దం ముందు నిలబడ్డాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"బాగుంది పెద్దక్కా. కానీ నాది కాదు."

"ఎక్కడ తేడా?"

"ఏమో."

"ముదురైందా? ఎరుపెక్కిందా?"

"తెలియడం లేదు. నాది కాదు."

ఒక బల్లకు పాలిష్ పెట్టమంటే ఏడు రకాల ముదురు, ఏడు రకాల లేత చూపించి కొన్నవాడికి మతి పోగొట్టే మనిషి. సొంత కంటి దగ్గరికి వచ్చేసరికి 'తెలియడం లేదు'. తీసి నా చేతిలో పెట్టాడు, కొలత కుదరని చొక్కా దుకాణంలో తిరిగి ఇచ్చినట్టు. మళ్ళీ నల్లగుడ్డ కట్టుకుని వెళ్ళాడు.

ఆ రంగులో తప్పు లేదు. నాకు తెలుసు.

ఆగస్టు 11

పొద్దున ప్రార్థనలో ఓర్పు అడిగాను. రెండోది వచ్చింది.

చేతిలో ఫోను ఉంది. కస్టమర్లు వెనకాల మా రెండోదాన్ని రేడియో అంటారు. దానికి తెలుసు. సంతోషిస్తుంది. ఇవాళ గోధుమ రంగు గురించి వార్తలు.

"అక్కా, ఇది విన్నావా? జనానికి అన్నిటికంటే నచ్చని రంగు మనదేనట."

"మనదేంటి?"

"మనం రోజూ వాడేది. ఏదో దేశంలో సిగరెట్లు మాన్పించాలని, చూడగానే అసహ్యం పుట్టే రంగు ఏదని జనాన్ని అడిగి మరీ ఆ పెట్టెలకి వేశారట. అది ఈ రంగే."

"దారాలు అయ్యాయా?"

"అవుతాయిలే. ఇది విను. పూర్వం పెద్ద పెద్ద చిత్రకారులు ఈజిప్టు నుంచి మమ్మీలు తెప్పించి, పొడి కొట్టించి ఈ రంగు చేసుకునేవారట. శవాలక్కా!"

"దారాలు."

"బీదవాళ్ళ బట్టల రంగట. సన్యాసుల రంగట. అసలు ఇంద్రధనుస్సులోనే లేదట. ఈ రంగులో వెలిగే దీపం ఎవరూ చేయలేరట. ఎందుకంటే—"

"పక్కన ఇంకేదో వెలుగుగా ఉంటేనే అది గోధుమ. ఒక్కదాన్నే చీకట్లో పెడితే నారింజ రంగు. నాన్న చెప్పాడు" అన్నాను.

"నాన్న నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పనిస్తేగా."

సాయంత్రానికి దారాలు కాలేదు.

ఆగస్టు 13

మరదలు వచ్చింది. పొద్దున తల్లి దగ్గర, సాయంత్రం మొగుడి దగ్గర. మనిషి సగమైంది.

"వదినా, ఈ కన్ను ఎప్పటికవుతుంది?" అని అడిగింది.

"వాడు ఒప్పుకున్నప్పుడు."

"ఆయన ఒప్పుకునేలోపు అక్కడ దానికి యూనిఫాం కుట్టిస్తారు. మా అమ్మ అప్పుడే టైలర్ని పిలిపించింది."

సంచీలోంచి పాప గీసిన బొమ్మ తీసి చూపించింది. వాళ్ళ నాన్న బొమ్మట. వెనక నుంచి గీసింది. జుట్టు, వీపు, ఎప్పుడూ వేసుకునే ఇటుక రంగు చొక్కా. చొక్కా బాగా కుదిరింది.

ముఖం ఏదని నేను అడగలేదు.

ఆగస్టు 14

మబ్బు.

ఆగస్టు 15

రెండో కన్ను. కాల్చిన మట్టి తగ్గించాను. నల్లచుక్క చుట్టూ సన్నని పచ్చి మట్టి గీత పెట్టాను. చిన్నప్పుడు ఎండలో పరుగెత్తి వచ్చి నిలబడితే ఆ గీత మెరిసేది.

చెల్లి పెట్టింది. నేను లోపల పొయ్యి కట్టేసి వచ్చానో లేదో చూడటానికి వెళ్ళాను. కట్టేసే ఉంది.

తిరిగి వచ్చేసరికి వాడు అద్దం దించేశాడు.

"ఇందులో ఏ మమ్మీ పొడి కలిపావు పెద్దక్కా? నన్ను మింగేసేలా చూస్తోంది."

రేడియో ప్రసారం అక్కడిదాకా చేరిందన్నమాట.

"వేళాకోళం చాలు. నచ్చిందా లేదా?"

"అందంగా ఉంది. ఎవరికైనా పెట్టు. నాది మాత్రం కాదు."

పెట్టుడు కన్ను ఎవరికైనా పెట్టేది కాదని వాడికి తెలుసు. తెలిసే అంటాడు. ప్రార్థన గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. 'ప్రభూ, వీణ్ణి' అని మొదలుపెట్టి, ఆ తరవాత ఏమి అడగాలో తోచక లేచి వచ్చాను.

ఆగస్టు 18

మూడో కన్ను. ఇంతకన్నా బాగా నేను ఎన్నడూ వేయలేదు. నాన్న ఉండి ఉంటే చుక్క నీళ్ళు వేసి చూసి తల ఊపేవాడు.

వాడు పెట్టుకుని ఒక్కసారి చూసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

"వద్దు పెద్దక్కా. వదిలెయ్. గుడ్డతోనే ఉంటాను."

"పాప?"

"అలవాటవుతుంది. కాకపోతే..." అని చెప్పులు వేసుకున్నాడు.

"కాకపోతే ఏంట్రా? ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావు? వారం రోజులు మెడ ఎత్తకుండా కూర్చున్నాను. ఏది తేడానో చెప్పవు, చెప్పడానికి నోరు రాదు. నీ బల్లల దగ్గర ఉన్న మాటలన్నీ ఇక్కడ ఏమయ్యాయి?"

వాడు గుమ్మంలో ఆగాడు. "కోప్పడకు. నీ పనిలో లోపం లేదు" అన్నాడు. వెళ్ళిపోయాడు.

లోపం లేదట. లోపం లేనిదాన్ని మూడుసార్లు తిప్పికొట్టాడు.

రెండోది ఫోను పక్కన పెట్టేసింది. దానికి అది సహజం కాదు. చివరికి అడిగింది.

"అక్కా, నువ్వు వాణ్ణి కిటికీ దగ్గర ఒక్కసారైనా కూర్చోబెట్టావా?"

"మబ్బుగా ఉంటోంది కదా."

"పోస్ట్‌మాస్టరు వచ్చిన రోజు లేదే మబ్బు."

ఎర్రదారాలు బల్ల మీద పరిచి వదిలేసింది, గాలికి పోతున్నాయి, ఆ మాట చెప్పాను.

ఆగస్టు 19

మూడు కళ్ళూ చిన్న గిన్నెలో వేసి మూత పెట్టాను. మూత లేకపోతే చూస్తున్నట్టే ఉంది.

ఆగస్టు 21, శుక్రవారం

మరదలు పాపను తీసుకుని వచ్చింది. చెప్పులు కొనడానికి బజారుకు తెచ్చిందట, దారిలో ఇక్కడ ఆగింది. తమ్ముడు లేడని ముందే ఫోను చేసి కనుక్కుని మరీ వచ్చింది. నేను కొంచెం చూసుకుంటే తను ఒక్క పరుగున ఇంటికి వెళ్ళి వాడికి వంట చేసి వస్తానంది.

పాప గదంతా ఒకసారి తిరిగి, కిటికీ దగ్గర కుర్చీని బల్ల దాకా బరబరా ఈడ్చుకొచ్చి ఎక్కి కూర్చుంది.

"ఈడ్వకూడదు. ఎత్తి పెట్టాలి."

"బరువుంది."

"అయితే నన్ను పిలవాలి."

"పిలిస్తే నువ్వు పనుందంటావు అత్తా."

కాళ్ళు ఊపుతూ నాకేసి చూస్తోంది. వెలుతురు ముఖం మీద పడుతోంది. వచ్చినవాళ్ళ కళ్ళు చూడటం నాకు అలవాటు. అలవాటు చొప్పున చూశాను.

అంచున ముదురు గీత. లోపల నానిన టీ ఆకు. నల్లచుక్క చుట్టూ సన్నగా, ఎండకు మెరిసే పచ్చి మట్టి.

లేచి వెళ్ళి గిన్నె మూత తీశాను. మూడోదాన్ని తెచ్చి పాప చెంప పక్కన పట్టుకున్నాను. తరవాత రెండోది. తరవాత మొదటిది. ఇన్నేళ్ళలో ఏ మనిషికీ ఇంత బాగా కుదరలేదు.

"అవి ఎవరివి?" అంది.

"మీ నాన్నవి అనుకున్నాను."

"పట్టుకోనా?"

"వద్దు."

కాళ్ళు ఊపడం ఆపింది.

"అత్తా, నాన్న గుడ్డ కింద ఏముంటుంది?"

"నేను చూడలేదు."

నోటి నుంచి వచ్చేసింది. రోజూ ఎవరో ఒకరి గుడ్డ విప్పి చూసేదాన్ని.

"నీక్కూడా భయమా?" అంది.

కుర్చీ ఈడ్వకు అన్నాను. అప్పుడది ఈడ్వడం లేదు.

ఆగస్టు 22

కబురు పెట్టాను. వచ్చాడు. కూర్చోబెట్టాను.

మబ్బు లేదు. ఉన్నా కూర్చోబెట్టేదాన్ని.

గుడ్డ నేనే విప్పాను. చేతులు కడుక్కుని, మనసులో ఒక్క మాట ప్రార్థించి విప్పాను. రెప్ప ఎత్తి చూశాను. బుగ్గ లోపలి చర్మంలా గులాబీగా, శుభ్రంగా ఉంది. మానిపోయిన చోటు. అంతే. ఇలాంటివి ఎన్నో చూశాను. ఇంతకన్నా ఘోరమైనవి చూసి ఆ వెంటనే అన్నం తిన్నాను. ఇన్ని రోజులు ఏమి ఉంటుందనుకున్నానో నాకే తెలియదు.

తరవాత కుడికన్ను చూశాను. అసలు చూడాల్సింది అది.

అది నాకు తెలియదు.

తెల్లగుడ్డు పసుపు తిరిగింది. చెక్కపొడి తిని తిని మూలల్లో ఎర్రనరాలు లావెక్కాయి. అంచు చుట్టూ బూడిద రంగు వలయం ఒకటి మొదలైంది. నాన్నకు అరవై దాటాక వచ్చినట్టు గుర్తు, వీడికి అప్పుడే వచ్చింది. లోపలి రంగు పలచబడి, ఎండకు పడేసిన పాత తలుపులా ఉంది. ఆ సన్నని మెరిసే గీత లేనే లేదు. ఎప్పుడు పోయిందో. రోజూ చూస్తూనే ఉన్నాను కదా.

"ఏంటి పెద్దక్కా, కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తున్నావు?"

"కదలకు."

"మాట్లాడొచ్చా?"

"కన్ను కదలకుండా మాట్లాడు."

"ఒకటి చెబుతాను, మనసులో పెట్టుకోకు. నువ్వు చేసినవి పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, అది బతికి ఉన్నట్టు ఉంది. నాదే పెట్టుడు కన్నులా కనిపించింది. మూడుసార్లూ అంతే. అంత మంచి కన్ను నా ముఖంలో పెట్టుకుని తిరగలేను. ఆ మాట నీకెలా చెప్పను?"

పక్కన ఏది ఉందో దాన్నిబట్టే ఆ రంగు. నాన్న చెప్పాడు. రెండోదానికి నేనే పాఠం చెప్పాను.

"అవి నీవి కావు. నీ ఆరేళ్ళప్పటివి" అన్నాను.

వాడు నవ్వబోయాడు. కన్ను కదులుతుందని ఆగిపోయాడు.

"నలభై నాలుగు పెద్దక్కా నాకు."

"ఇప్పుడే చూశాను."

ఆగస్టు 25

మూడు రోజులుగా పొద్దున వస్తున్నాడు, కూర్చుంటున్నాడు. మెరుపు వేయడం తేలిక. మసక వేయడానికి ప్రాణం పోతోంది. పచ్చి మట్టిలో బూడిద కలిపితే బురద అవుతోంది. నల్ల మట్టి కలిపితే చచ్చిపోతోంది. చెరిపాను, వేశాను, చెరిపాను.

"ఈ మధ్య నా పాలిష్ ఎవరికీ అక్కర్లేదు తెలుసా?" అన్నాడు వాడు, పైకప్పు వంక చూస్తూ. "అందరికీ తెల్ల బీరువాలు, బూడిద రంగు సోఫాలు. చెక్కని చెక్క రంగులో ఉంచుతానంటే తాతల కాలం అంటున్నారు. నిన్న ఒకాయన మంచి టేకు బల్ల తెచ్చి తెల్ల పెయింట్ కొట్టమన్నాడు."

"కొట్టావా?"

"రేపు రమ్మన్నాను. ఇలాగే రేపు రేపు అంటూ వాడికే విసుగు పుట్టిస్తా."

"కన్ను కదపకు."

"పాత చెక్క రంగు పైన ఉండదు పెద్దక్కా. లోపల ఉంటుంది. పైన ఎంత పూసినా రాదు. పొర మీద పొర, పలచగా, మధ్యలో ఆరనివ్వాలి."

నాకు పని నేర్పుతున్నాడు. చిరాకేసింది. అయినా అలాగే వేశాను. పొర మీద పొర, పలచగా, ఆరనిచ్చి.

రెండోది వచ్చి వంగి చూసి ముఖం చిట్లించింది. "ఇదేంటక్కా, ఇంత దిగులుగా ఉంది? కాస్త కళ పెట్టరాదూ?"

"వద్దు. నరాలు లావుగా అంటించు. మూలల్లో ఎక్కువ."

"ఇన్ని నరాలా?"

"వాడికి ఎన్ని ఉంటే అన్ని."

దారాలు మధ్యాహ్నానికల్లా పూర్తి చేసింది. ఇది రాసి పెట్టుకోవలసిన విషయం.

ఆగస్టు 28

నేనే పెట్టాను.

తమ్ముడు అద్దం ముందుకు వెళ్ళాడు. నేను గుడ్డ వెతకలేదు, పొయ్యి చూడలేదు. వాడి వెనకే నిలబడ్డాను. రెండోది కూడా నోరు మూసుకుంది. ఇల్లంతా వింతగా ఉంది.

వాడు చూసుకున్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. గడ్డం చేత్తో రాసుకున్నాడు.

"గడ్డం గీసుకోవాలి" అన్నాడు.

అద్దం పెట్టేసి, నా పొయ్యి గది తలుపు కిర్రుమంటోందని చూడటానికి వెళ్ళాడు. అంత పని చేస్తే ఒక్క మంచి మాట లేదు. తలుపుకు నూనె పెట్టి వెళ్ళిపోయాడు. గుడ్డ బల్ల మీద మరిచిపోయాడు.

ప్రార్థన చాలాసేపు చేసుకున్నాను. ఏమీ అడగలేదు.

ఆగస్టు 30, ఆదివారం

రేపటితో అమ్మమ్మ పెట్టిన గడువు అయిపోతుంది. అందరినీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. పాపకు చెప్పవద్దని మరదలికి చెప్పాను, చెప్పి తీసుకురా అని మళ్ళీ ఫోను చేశాను, నీ ఇష్టం అని ఇంకోసారి చేశాను. "వదినా, మీరు ప్రశాంతంగా ఉంటారని అందరికీ చెబుతూ ఉంటాను" అంది.

తమ్ముడు ముందే వచ్చి వర్క్‌షాపు బల్ల దగ్గర కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. అదే ఇటుక రంగు చొక్కా.

పాప గుమ్మం దగ్గర తల్లి చీర పట్టుకుని ఆగింది. చూసింది. రెండోది ఏదో అనబోతే కాలు తొక్కాను.

పాప చూసి చూసి అంది. "నాన్నా, నా చెప్పులు కరుస్తున్నాయి."

"ఇటు తే, చూద్దాం" అన్నాడు వాడు.

వెళ్ళింది. చెప్పు విప్పి చూసి పట్టీ వదులు చేశాడు. అది వాడి ఎడమపక్క కుర్చీ ఎక్కి కూర్చుంది. రంగు పెన్సిళ్ళు తెచ్చుకుంది, కాగితం తెచ్చుకుంది, బొమ్మ మొదలుపెట్టింది. కన్ను గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ రంగుకు అంతకన్నా పెద్ద గౌరవం లేదు. రెండోది మాత్రం ఎందుకోగాని ముక్కు చీదుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది.

భోజనాలకు ఇంకా వేళ ఉంది. తమ్ముడు నాతో ఆ టేకు బల్లాయన సంగతి చెబుతున్నాడు. పాప కాగితం ఎత్తి వాడి ముఖం పక్కన పట్టుకుంది.

"చూడు నాన్నా."

వాడు బల్ల సంగతే చెబుతున్నాడు. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు. ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది, సరిగ్గా నేను చేసిన కంటి ముందు. ఆ కన్ను కాగితం మీదే ఉంది. చూస్తున్నట్టే ఉంది.

పాప నా వైపు తిరిగింది.

"అత్తా, నాన్న చూస్తూ కూడా పలకడం లేదు."

తమ్ముడి మాట ఆగింది. నాకేసి చూశాడు, ఉన్న కన్నుతో.

నేను లేచి పాప దగ్గరికి వెళ్ళాను. "ఆ కన్ను నేను చేసింది. బాగుంటుంది కానీ దానికి కనిపించదు. నాన్నకు కనిపించాలంటే ఈ పక్కకు రావాలి" అన్నాను.

అది వాడి ముఖాన్ని దగ్గర నుంచి చూసింది. ముక్కు ముక్కు తగిలేంత దగ్గర. ఈ కన్ను చూసింది, ఆ కన్ను చూసింది, మళ్ళీ ఈ కన్ను చూసింది. తమ్ముడు కదలలేదు. కదలకుండా కూర్చోవడం ఈ మధ్య బాగా నేర్చుకున్నాడు.

తరవాత కుర్చీ దిగింది. రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుని, బల్ల చుట్టూ, ఇటు చివర నుంచి అటు చివర దాకా, బరబరా ఈడ్చుకుంటూ వెళ్ళి కుడిపక్కన వేసుకుని ఎక్కింది.

కాగితం ఎత్తి పట్టుకుంది. ఈసారి ముందు నుంచి గీసింది. కళ్ళు రెండూ నలుపు వేసింది.

"బాగుంది. నేనే" అన్నాడు తమ్ముడు.

నల్ల కళ్ళు ఉండవని చెప్పబోయి ఊరుకున్నాను.

నేల మీద బల్ల చుట్టూ పొడుగాటి తెల్లగీత పడింది. రేపు పాలిష్ పెట్టించమంటావా అని రెండోది అడిగింది. ఉండనీ అన్నాను.